జీడిపప్పు కవర్లో దాచిన రబ్బరు

చలపతిరావు బ్యాటు రబ్బరు చచ్చిపోయిందన్న సంగతి కాశీబుగ్గ ఉద్యోగుల క్లబ్బులో తెలియని మనిషి లేడు. టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర ఓడిపోయిన ప్రతి సాయంత్రం ఆయన అదే పాట పాడేవాడు. "రబ్బరు పోయిందండీ బాబూ, లేకపోతేనా!" వినీ వినీ అందరికీ చెవులు చిల్లులు పడ్డాయి. ముందు నవ్వారు, తరవాత తప్పించుకు తిరిగారు, చివరికి ఆయనతో ఆడడమే మానేశారు.

తహసీల్దారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "సాయంత్రాలు ఖాళీ ఏదండీ, ఆట కదా" అనేవాడు. వేళాకోళంగా అన్నా అందులో సగం నిజమే. వజ్రపుకొత్తూరు నుంచి వచ్చి ఇక్కడ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన గౌరీశంకరూ, ఈయనా ఇరవయ్యారేళ్లు రోజూ ఆరింటికి ఆ బల్లకి చెరోవైపు నిలబడ్డారు. గౌరీశంకర్ కుర్రతనంలో జిల్లా తరఫున ఆడినవాడు. అలాంటివాణ్ణి వారంలో మూడు రోజులైనా ఓడించేవాడు చలపతిరావు. ఆఫీసులో ఎవడెంత మాటన్నా, ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేకపోయినా, ఆ గెలుపు ఒక్కటీ తలుచుకుంటే హాయిగా నిద్రపట్టేది.

రెండేళ్ల కిందట గౌరీశంకర్ కిడ్నీల జబ్బుతో పోయాడు. అప్పటి నుంచి చలపతిరావు ఒక్క గేమూ గెలవలేదు. నేరమంతా రబ్బరుదేనని తేల్చేసుకున్నాడు.

ఆ రబ్బరు పాతకాలం రకం. కింద స్పాంజి పలచన, పైన జిగురు. దాని మీంచి బంతి విసురుగా పోదు గానీ బాగా మెలిక తిరుగుతుంది. విశాఖపట్నం షాపువాడు "ఇక ఈ సరుకు రాదండీ" అన్నప్పుడు ఇద్దరూ కలిసి ఆఖరి షీటు కొని తెచ్చుకున్నారు. గాలి తగిలితే ఎండిపోతుందే, ఎలా దాచడం? గౌరీశంకర్‌కే తట్టింది. "పప్పు ఆగుతాది గదేటి బావా, రబ్బరు ఆగదేటి?" అంటూ తెలిసిన జీడిపప్పు ఫ్యాక్టరీకి పట్టుకుపోయి, పప్పు నింపే కవర్లో పెట్టించి, గాలంతా లాగించి సీలు వేయించాడు. జీడిపప్పుకి పేరుపడ్డ ఈ పలాస, కాశీబుగ్గల్లో కాకపోతే ఇలాంటి బుద్ధి ఇంకెక్కడ పుడుతుంది!

పాత రబ్బరు ఎంత ఏడిపించినా చలపతిరావు ఆ కవరు చింపలేదు. గౌరీశంకర్ చేతిమీదుగా వచ్చిన వస్తువు, చింపడానికి మనసొప్పలేదు.

ఇంతలో టెక్కలి అమ్మాయి సాహితి కాశీబుగ్గ బ్యాంకుకి బదిలీ మీద వచ్చి క్లబ్బులో చేరింది. బ్యాంకు పోటీలకి తయారవ్వాలి, రోజూ ఆరింటికి తనతో ఆడేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. చలపతిరావుకి ప్రాణం లేచొచ్చింది. ఈ పిల్లకి సరిజోడు అనిపించుకుంటే మళ్లీ ఆరింటికి ఒకరు తన కోసం ఎదురుచూస్తారు. లేదంటే గోడవారన ప్లాస్టిక్ కుర్చీయే గతి.

ఇంటికెళ్లి కత్తెర తీశాడు. కవరు తెరవగానే కమ్మటి జీడిపప్పు వాసన. రబ్బరు బ్యాటుకి అతికించి, ఆరాక దాని మీద బంతి నొక్కి తలకిందులుగా పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా బంతి ఊడిపడలేదు. "వోర్నాయనో!" అని కేకేసి, చూశావా అన్నట్టు పక్కకి తిరిగాడు. పక్కన ఎవరున్నారు గనక.

మర్నాడు ఆరింటికి ఆట మొదలైంది. సాహితి కుడిపక్కకి ఒకటి కొట్టింది, ఎడమపక్కకి ఒకటి కొట్టింది. పదకొండు రెండు. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో ఆయనకి తెలియనేలేదు.

"ఇప్పటి ప్లాస్టిక్ బంతికి ఈ రబ్బరు పనికిరాదమ్మా. ఇది వెనకటి చిన్న బంతులకి చేసినది" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఏదీ, ఇలా ఇవ్వండి అంకుల్."

ఆ బ్యాటుతో ఆమె వేసిన సర్వీసు బల్ల మీద పడి, వెనక్కి తిరిగి నెట్ వైపే పాకింది. ఇంకో రెండు వేసింది. చలపతిరావు బంతిని తాకలేకపోయాడు.

"అబ్బ, నెమ్మదే గానీ ఎంత పట్టుందండీ! పాత బంతి తిరిగినంత తిరగదేమో గానీ, ఇప్పటికీ భేషుగ్గా పనికొస్తుంది. రబ్బరుకేం కాలేదు అంకుల్. మీరే కదలట్లేదు. ఎటేసినా అక్కడే నిలబడిపోతున్నారు."

ఆయన ముఖం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. ఆ పిల్ల అది చూసి గబగబా బ్యాటు ఆయనకిచ్చేసి, "ఇంకో గేమ్ ఆడదాం రండి" అంది.

ఈసారి బంతి సరిగ్గా చేతిలోకే వచ్చింది. ఆయన బంతి అడుగున కోసినట్టు కొట్టి పంపాడు. మళ్లీ అక్కడికే, అంతే ఎత్తున వచ్చింది. మళ్లీ కోశాడు. పది, పదిహేను, ఇరవై దెబ్బలు. క్యారమ్స్ ఆడేవాళ్లు తలలు తిప్పి చూశారు. పదకొండు తొమ్మిదితో చలపతిరావు గెలిచాడు!

"చూశారా!" అని అరవబోయి ఆగిపోయాడు. ఒక్క అడుగు కూడా కదలకుండా గెలిచాడు. గౌరీశంకర్ మీదా ఇరవయ్యారేళ్లూ ఇలాగే గెలిచాడు.

"నా చేతికే వేశావు కదమ్మా?"

సాహితి బంతి కేసి చూస్తూ, "మీరు బాధపడుతున్నారని..." అంది. బంతి బల్ల మీద పెట్టి, "రేపు వస్తారా అంకుల్?" అని అడిగింది.

తలూపి బయటికొచ్చాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ పోయినవాడి మీద చచ్చేంత ప్రేమా పుట్టుకొచ్చింది. మార్కెట్ రోడ్డులో జనం పోతూనే ఉన్నారు. ఎవరేమనుకుంటే ఏం, నడుస్తూనే పైకి అనేశాడు:

"ఒక్కసారి నువ్వు నిజంగా ఆడి ఉంటే ఏటయ్యేది బావా? ఓడిపోదును, అంతేగా. మర్నాడు ఆరింటికి రాకుండా ఉందునేటి?"