మా బావ గీసిన మెట్లు

మా బావకి యాభై తొమ్మిదేళ్లు. అందులో ముప్పై ఆరేళ్లు ఒకే ఆఫీసులో, ఒకే టేబుల్ ముందు, కట్టబోయే ఇళ్ల ప్లాన్లు చేత్తో గీస్తూ గడిపాడు. నేను తాపీ మేస్త్రీని. ఆయన గీసేవాడు, నేను కట్టేవాణ్ణి. ఆ పరిచయంతోనే మా అక్కని ఆయనకిచ్చి చేశాం కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకు బోలెడంత ఉంది. పొగడటమే చేతకాదు.

ఆయన పని తీరు చూస్తే ఎవరికైనా విసుగు పుట్టాల్సిందే. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీసేవాడు. తప్పు పడితే బ్లేడు ముక్కతో సుతారంగా గీకి, అదే చోట మళ్లీ గీసేవాడు. నాకు నకలు ఇచ్చేవారు గానీ, నేను పనిగట్టుకుని ఆఫీసుకెళ్లి అసలు కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసేవాణ్ణి. గీకిన చోట్లు తెలిసిపోయేవి. అక్కడ మా బావ తిప్పలు పడ్డాడు, నువ్వూ ఒళ్లు దగ్గర పెట్టుకుని కట్టు అని చెప్పకుండానే చెప్పినట్టుండేది.

మెట్ల దగ్గర ఆయన పిచ్చి ఇంకాస్త ముదిరేది. భవనాన్ని నిలువునా కోస్తే ఎలా కనిపిస్తుందో అలా మెట్లన్నీ ఒక్కొక్కటే గీసి, మెట్టు మెట్టుకీ పెన్సిలుతో ఒక మనిషిని నిలబెట్టేవాడు. ఆ మనిషిని నేనే. ఆరడుగుల వాణ్ణి, కొలతకి పనికొస్తానట. ఇన్నేళ్లలో ఎన్ని వేల మెట్లు ఎక్కించాడో నన్ను, కూలీ మాత్రం ఇవ్వలేదు.

తర్వాత ఆఫీసు నిండా కంప్యూటర్లు వచ్చాయి. బావని కూడా నేర్చుకోమన్నారు. ఆర్నెల్లు బుద్ధిగా కూర్చున్నాడు. చెయ్యి కదులుతోంది గానీ బుర్రకేమీ అందటం లేదని నా దగ్గర వాపోయాడు. ఆఫీసు నడిపే సారు మర్యాదస్తుడు, ముఖం మీద పొమ్మనలేదు. ఇప్పుడు కడుతున్న ఆసుపత్రి పనయ్యేదాకా ఉండమన్నాడు, ఆ తర్వాత టేబుల్ తీసేసి అక్కడ ప్రింటరు పెడతారట. ఈలోగా తన చేతిగీత ఒక్కసారి పనికొస్తే ఉండనిస్తారని బావ ఆశ. ఆ టేబుల్ పోతే మనిషి మిగలడని అక్క భయం.

ఆసుపత్రి రెండంతస్తులు. కట్టే పని నాదే. బావని ఎవరూ అడగలేదు, అయినా కంప్యూటరు కాగితాలు ముందేసుకుని ఆ మెట్లు చేత్తో గీశాడు. మలుపు దాటి మూడో మెట్టు మీదికొచ్చేసరికి కాగితం మీద నా తల దూలంలోకి వెళ్లిపోయింది. కంప్యూటరు గీసినవాళ్లు భవనాన్ని వేరే గదుల మీదుగా కోశారు, మెట్లని పైనుంచి మాత్రమే చూపించారు. అందుకే ఆ దూలం వాళ్ల కంట పడలేదు.

బావ కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లాడు. సారు తెర మీద కొలిచి, మలుపు నుంచి దూలానికి ఏడడుగులుంది కదా అన్నాడట. మనిషి మలుపులోనే ఉండిపోడు కదా సార్, మెట్టుకి ఏడంగుళాల చొప్పున మూడు మెట్లు పైకొస్తాడు, అక్కడ మిగిలేది అయిదడుగుల మూడంగుళాలే అని బావ వివరించాడు. సారు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడట. ఇలాంటి చెయ్యి ఇక పుట్టదన్నాడట. వారం తిరక్కుండా దానికి అద్దం కట్టించి, వచ్చేపోయేవాళ్లు కూర్చునే గదిలో గోడకి వేలాడదీశాడు. మెట్ల మాట అక్కడితో సరి.

కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే బావ నా దగ్గరికొచ్చాడు.

"ఒక్కరోజు ఆపవోయ్. దూలం రెండడుగులు వెనక్కి జరిపితే చాలు."

సారుకి ఫోను చేశాను. మంజూరైన ప్లాను అదే, దూలం జరిపితే పై గది చిన్నదవుతుంది, కాగితంలో ఉన్నట్టు పొయ్యమన్నాడు. పదకొండుమంది కూలీలు పారలు పట్టుకుని నా వైపే చూస్తున్నారు. బావ చెప్పిందే నిజమని నాకు తెలుసు, ఆయన గీతని నమ్మే ఇన్నేళ్లు కట్టాను. అయినా పొయ్యమన్నాను. సారుతో గొడవ పెట్టుకునే దమ్ము లేకపోయింది, అంతే. బావ వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆసుపత్రి తెరిచిన మొదటి వారంలోనే ముగ్గురి తలలు పగిలాయి. నాలుగోవాడు ఆ ఆసుపత్రి పెట్టిన డాక్టరే. ఆ సాయంత్రమే సారు బావకి కబురు పెట్టాడు. ఇప్పటికైనా తెలిసొచ్చిందన్నమాట అని అక్క ముఖం వెలిగిపోయింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, పెన్నులన్నీ కడుక్కుని సంచిలో సర్దుకున్నాడు. సరిదిద్దే ప్లాను తననే గీయమంటారని దారి పొడుగునా నాతో చెబుతూనే ఉన్నాడు. నేనూ నమ్మాను, ఏం చేస్తాం.

సారు మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. దూలం ఇప్పుడు ముట్టుకుంటే పైగది కూలుతుందన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా, "మీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కదా. దాని మీద 'తల జాగ్రత్త' అని రాసిపెట్టండి" అన్నాడు.

ఎర్ర రంగు డబ్బా, కుంచె అప్పటికే తెచ్చి పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"రాయొద్దు బావా. పద, పోదాం."

"రాయకపోతే ఇంకో తల పగులుతుంది కదోయ్" అన్నాడు బావ.

స్టూలు ఎక్కాడు. నేను పట్టుకున్నాను, అంతకంటే నాకు మాత్రం ఏం చేతనవును. పెన్సిలుతో పైనొకటి, కిందొకటి సన్నటి గీతలు కొట్టుకుని, వాటి మధ్య ఒక్కో అక్షరమే దిద్దాడు. రంగు ఆరేదాకా ఆగి, ఆ పెన్సిలు గీతల్ని జాగ్రత్తగా చెరిపేశాడు. కిందికి దిగి చేతులు తుడుచుకుని, ఇంకేమైనా పనుందా సార్ అని అడిగాడు.

సారు కాసేపు ఆలోచించి, లేదన్నాడు.