పెద్దగది ఫోటో

ప్యో మల్సున్‌కు పొద్దున్నే మైకుతో దెబ్బలాడే అలవాటు ఉంది. ఆరున్నరకు ఊరి స్తంభం మీది మైకులో ఊరిపెద్ద థాక్ గీబే గొంతు వినిపిస్తుంది. చలి ఎక్కువగా ఉంది, పెద్దవాళ్ళెవరూ బయటికి రావద్దంటాడు. మరి నా కోళ్ళకు నూకలు నువ్వొచ్చి వేస్తావా అని మల్సున్ వంటింట్లోంచి అడుగుతుంది. చెత్త తగలబెట్టొద్దంటే, నీ పెరట్లో నిన్న లేచిన పొగ సంగతేమిటంటుంది. మైకుకు చెవులుండవని ఆమెకు తెలుసు. గీబే, చనిపోయిన ఆమె భర్తకు పినతండ్రి కొడుకు. ఎదురుపడితే ఆమెకు రెండో మాటకు అవకాశం ఇవ్వడు. ఆ లోటంతా ఆమె ఇక్కడ తీర్చుకుంటుంది.

మూడేళ్ళ కిందట డిసెంబరులో ఒక పొద్దున మాత్రం ఆమె బదులు చెప్పలేదు. వచ్చే ఏడాది తోటపనికి వియత్నాం నుంచి మనుషులు కావలసిన రైతులు శుక్రవారంలోగా మండలాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలని మైకు చెప్పింది. అంతకుముందు రెండేళ్ళూ ఇదే మాటకు, నా ఇంట్లో ఇంకొకరి చెప్పులెందుకు అని కసిరిన మనిషి, ఈసారి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

ఆ శరదృతువులో ఆమె రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. కొండవాలు తోటలో మూడోవంతు మిరప కోసేవాళ్ళు లేక చెట్టు మీదే కుళ్ళింది. తోట కౌలుకు ఇచ్చేయమని, ఎరువు కూడా తానే వేసుకుంటానని గీబే అప్పటికే రెండుసార్లు చాలా మర్యాదగా అడిగి వెళ్ళాడు. ఈసారి మనుషులు దొరక్కపోతే మూడోసారి కాదనడానికి ఆమె దగ్గర ఏమీ మిగలదు. నలభై ఐదేళ్ళు తన పేరుతో పిలిపించుకున్న తోట గీబే తోట అయిపోతుంది.

దరఖాస్తు నింపిపెట్టింది మండలాఫీసు గుమాస్తా హారిన్. ఎంత పొలం, ఏ పంట, ఏ నెల నుంచి ఏ నెలదాకా అన్నవాటికి మల్సున్ చకచకా జవాబు చెప్పింది. పనివాళ్ళ బస దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఉత్సాహం వచ్చింది. మూలగది ఉంది, కింద మంట రాజేస్తే దాని నేల వేడెక్కినట్టు ఈ ఊళ్ళో ఏ గదీ వేడెక్కదంది. సంతోషం, సోమవారం వచ్చి చూసి ఫోటోలు తీసుకుంటానంది హారిన్. బస నచ్చకపోతే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుందని కూడా అంది.

ఇంటికి వచ్చి మూలగది తలుపు తీశాకగాని మల్సున్‌కు తను చేసిన పని తెలియలేదు. ఉడికించి దంచిన సోయాగింజల ముద్దలు, ఇటుకలంతేసి నలభై, గడ్డితాళ్ళతో దూలానికి వేలాడుతున్నాయి. వాటికి అప్పుడప్పుడే తెల్లటి బూజు పడుతోంది. తడి సాక్సులూ పాత జున్నూ కలిసి కాపురం పెట్టినట్టు వాసన. కదిలిస్తే చలి తగిలి బూజు చెడుతుంది. బూజు చెడితే ఏడాదంతా జాడీల్లో ద్వెంజాంగ్, అదే చారులో కలుపుకునే పులిసిన సోయా ముద్ద, ఉండదు. ఒక్క ఆమె ఇంట్లోనే కాదు, ఆమె దగ్గర పట్టుకెళ్ళేవాళ్ళతో కలిపి అయిదిళ్ళలో.

సోమవారం హారిన్‌తో పాటు, ఊరిపెద్ద హోదాలో, గీబే కూడా వచ్చాడు. మల్సున్ వాళ్ళను మూలగది దాటించి నేరుగా తన పెద్దగది తలుపు తీసింది. ముత్యపుచిప్పలు పొదిగిన బీరువా, పట్టు పరుపులు, దక్షిణానికి కిటికీ. భర్త ఫోటో తీసేసిన చోట గోడ చదరంగా తెల్లగా కనబడుతోంది. హారిన్ ముచ్చటపడి ఎనిమిది ఫోటోలు తీసింది. తర్వాత ముక్కు కొంచెం ఎగబీల్చింది.

"మామ్మా, ఏదో వాసన వస్తోందేమిటి?"

"నేనేనమ్మా. ముసలిదాన్ని కదా."

గీబే దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగి, చాలా అమాయకంగా అడిగాడు.

"మరి నువ్వెక్కడ పడుకుంటావు వదినా?"

మల్సున్ అతనివంక నెమ్మదిగా చూసింది.

"మూలగదిలో. తలుపు తీసి చూపించమంటావా? ఇప్పుడు చలిగాలి లోపలికి పోయిందంటే, వసంతంలో మీ ఆవిడ గిన్నె పట్టుకుని ఎవరింటికి వెళ్తుందో నాకు తెలీదు."

గీబే కాసేపు తోట గురించి ఆలోచించాడు. కాసేపు చారు గురించి ఆలోచించాడు. వదిన మోకాళ్ళకు మూలగదే మంచిదని హారిన్‌కు తనే చెప్పాడు.

దరఖాస్తు మంజూరైంది. ఏప్రిల్‌లోపు ముద్దలు జాడీల్లోకి వెళ్ళిపోతాయి, మూలగది కడిగి వచ్చినవాళ్ళకిచ్చేయవచ్చు, తన పెద్దగది తనకే ఉంటుందని మల్సున్ లెక్క. కానీ ఆ ఎనిమిది ఫోటోలూ ఒప్పందం కాగితాలతో పాటు సముద్రం దాటి వెళ్ళాయని ఆమెకెవరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో హారిన్ ఇద్దరు ఆడవాళ్ళను కారులోంచి దింపింది. పెద్దది న్యాన్, చిన్నది ఆమె మరదలు థ్వా. మల్సున్ వాళ్ళను మూలగదికి తీసుకెళ్ళింది. న్యాన్ గదిని చూసింది, చేతిలోని ఫోన్‌ను చూసింది, మళ్ళీ గదిని చూసింది. ఫోన్ మల్సున్ ముందుకు చాపింది. తెర నిండా ముత్యపుచిప్పల బీరువా.

"వాళ్ళ పిల్లలకు కూడా చూపించుకుని వచ్చారట మామ్మా," అంది హారిన్. "ఫోటోలో ఉన్న గదే ఇవ్వాలి. మార్చాలంటే మళ్ళీ మొదట్నించీ దరఖాస్తు పెట్టాలి."

మొక్కలు నాటడానికి అప్పటికి పదిహేను రోజులే ఉంది. మల్సున్ ఒక్క నిమిషం వసారాలో కూర్చుంది. తర్వాత లేచి పెద్దగదిలోంచి తన దిండు, నడుముకు కట్టుకునే వేడిసంచి, మందుల డబ్బా తెచ్చుకుంది. బీరువా కుడి తలుపు కొంచెం బిగుసుకుంటుంది, పైకెత్తి లాగాలి అని థ్వాకు చేసి చూపించింది. ఆ ఏడాది మిరప ఒక్కటీ చెట్టు మీద కుళ్ళలేదు. గీబే మూడోసారి అడగలేదు.

మల్సున్‌కు ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. న్యాన్, థ్వాల కోసం నాలుగో దరఖాస్తు మొన్న గురువారం పెట్టింది. వాళ్ళు ఊళ్ళో లేని నాలుగు నెలలూ పెద్దగది వాళ్ళదిగానే ఖాళీగా ఉంటుంది. ఆమె మూలగదిలోనే, సోయా ముద్దల కింద పడుకుంటోంది.