ఒకే మూటలో రెండు ఫాంట్లు

బాన్సువాడ బస్టాండు వెనక గల్లీలో శివరాం ఫ్లెక్సీల దుకాణం. కంప్యూటర్ ముందు కూచునేది సుజన. గిరాకీ లేనప్పుడు ఆమె ఎవరూ అడగని పని ఒకటి చేసేది. ఉచితంగా దొరికే లినక్స్ వాడేవాళ్లకు తెలుగు ఫాంట్లు ఒక్క నొక్కుతో దిగేలా ప్యాకేజీ కట్టేది. అది ఎక్కడ దించుకున్నా కట్టినవాళ్ల దగ్గర ఆమె పేరే. రేషన్ కార్డు దాటి ఆ పేరు పోయింది ఆ ఒక్కచోటికే.

ఫాంట్లు రెండు తీర్లు. పాతరకంలో సన్నటి అక్షరానికో ఫైలు, లావుకో ఫైలు. కొత్తరకంలో ఒక్కటే ఫైలు, అక్షరం ఎంత లావంటే అంత సాగుతుంది. వేర్వేరుగా కట్టాలన్నది ప్యాకేజీలు చూసే పైవాళ్ల నియమం. కోటగిరి పల్లెల్లో సిగ్నల్ అందనివాళ్లు రెండుసార్లేం దించుకుంటారులే అని జాలిపడి, సుజన రెంటినీ ఒకే మూట కట్టింది. దుకాణం కంప్యూటర్‌లోనూ లినక్స్ ఎక్కించి అదే మూట వేసుకుంది. పాత సాఫ్ట్‌వేర్ తికమకపడి తెరమీద లావు చూపించి, అచ్చులో సన్నం దించసాగింది. ఫిర్యాదులొచ్చాయి. ఈ సాయంత్రంలోగా విడదీసి పంపకపోతే ప్యాకేజీనే తీసేస్తామని పైవాళ్లు రాశారు. విడదీసింది. పంపడమే మిగిలింది.

అంతలో బాలయ్య పటేల్ ఊడిపడ్డాడు. పొద్దున్నే తల్లి గంగాబాయి దశదినకర్మ ఫ్లెక్సీ పట్టుకుపోయినవాడు. చావు ఫ్లెక్సీని దుకాణంలో విప్పి చూడరు, ముఖం లోపలికి చుట్టి తీసుకుపోతారు. ఇంటి ముందు కట్టాకే తెలిసింది.

"ఏంది శివరాం, గీ పేరు చీమలు ఈడ్చుకపోయినట్టున్నది. గల్లీ అంత దద్దరిల్లిపిచ్చిన మా అవ్వ, సచ్చినంక గింత బక్కగైందా?"

"పావుగంటల మళ్ల కొట్టిస్త పటేలా," అన్నది సుజన.

"చుట్టాలు బంతికి కూసున్నరు. మా అవ్వను రెండుసార్లు సంపుతవా?"

శివరాం నవ్వాడు. "ఇగ నువ్వే పోయి ఫ్లెక్సీ పక్కన నిలబడు. వచ్చినోళ్లకు పేరు సదివి సెప్పు. ఫోను ఈడ పెట్టు."

"ఒక్క ఫైలు పంపి పోతనే అన్నా. ఇయ్యాల్నే ఆఖరు."

"సచ్చినామెకు లేని తొందర నీ ఫైలుకెందుకు?"

ఫోను గల్లాలో పడింది. కాదంటే కొలువు పోతుంది. సుజన వెళ్లి పటేల్ ఇంటి ముందు ఫ్లెక్సీ పక్కన ఎండలో నిలబడింది.

"ఎవలిదమ్మా ఫొటో?" అని అడిగింది బంతికొచ్చిన ఒకామె.

"గంగాబాయిది."

"మరి పేరు రాయలే?"

"రాసినం అక్కా."

"ఏడ?"

నవ్వులు. బాలయ్య బావమరిది కొత్త చుట్టం దొరికినప్పుడల్లా వెంటేసుకొచ్చి మళ్లీ అడిగించాడు. ఆమెకు మాత్రం ఎవరూ విస్తరి వేయలేదు.

పొద్దుగూకాక దుకాణానికి వచ్చేసరికి కంప్యూటర్‌లో వేరే తెర కనిపించింది.

"నీ లినక్స్ పీడ వదిలిచ్చిన. అంత తుడిపిచ్చి మన పాతదే ఎక్కిచ్చిన," అన్నాడు శివరాం.

విడదీసిన ప్యాకేజీ ఉన్నది ఆ తుడిచేసినదాంట్లోనే. గల్లాలోంచి ఫోను తీసి చూసుకుంది. కట్టినవారి నుంచి జవాబు లేనందున తొలగించామనీ, ఇన్నాళ్ల సేవకు ధన్యవాదాలనీ పైవాళ్లు రాశారు. కట్టినవాళ్ల జాబితాలో ఆమె పేరు లేదు.

"మొఖం గట్ల పెట్టినవేంది? మీ ఇంట్ల సుత ఎవలన్న సచ్చిండ్రా?"

"లేదన్నా," అని సుజన కుర్చీ లాక్కుంది. "రేపటి లగ్గం ఫ్లెక్సీ ఎంత సైజు?"