రెండో దెబ్బ

బమ్రోలి షెడ్డులో ఆ మధ్యాహ్నం నాలుగు సాంచలూ నడుస్తున్నాయి. సాంచ అంటే కరెంటు మగ్గం. సూరత్‌కు వచ్చి ఎన్నేళ్లయినా సిరిసిల్ల దిక్కువాళ్లు దాన్ని అట్లాగే పిలుస్తారు. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే బక్కయ్య, అతని వెంట ఇద్దరు మనుషులు లోపలికి వచ్చిన సంగతి వినోదకు తెలియలేదు. తెగిన పోగు ముడివేసి తల ఎత్తేసరికి ఆమె భర్త పరుశురాం నేల మీద పడి ఉన్నాడు. ఒకడు అతని ఛాతీ మీద మోకాలు ఆనించాడు. ఇంకొకడి చేతిలో సమ్మెట ఉంది.

బక్కయ్య మెయిన్ స్విచ్చు దించాడు. షెడ్డు ఒక్కసారిగా మూగపోయింది.

"వదినా, శేఠ్ పంపిండు. నువ్వు జర బయటకు పో," అన్నాడు.

"ఏంది బక్కయ్యా ఇది? మొన్ననే గద వడ్డీ కట్టిన?"

"శేఠ్‌కు అసలు గావాలంట. నేనేం జేయాలె?"

వినోద కదల్లేదు. సమ్మెటవాడు తలుపు దగ్గరి సాంచను పగలగొట్టడం మొదలుపెట్టాడు. పోత ఇనుము పెళపెళా విరిగింది. సగం నేసిన చీర గుడ్డ నూనెలో పడింది. ఆ తర్వాత పరుశురాంను లేపి, అతని కుడిచెయ్యిని విరిగిన ఆ ఇనుము మీదే పరిచారు.

"తమ్మీ, చెయ్యి వద్దురా. కాలు ఇరగ్గొట్టుర్రి. నీ కాల్మొక్త, చెయ్యి వద్దు," అని పరుశురాం ఏడ్చాడు.

బక్కయ్య మొహం గోడవైపు తిప్పుకుని, కానీయమన్నట్టు సమ్మెటవాడికి తలూపాడు. సమ్మెట పడింది.

ఆ బక్కయ్యను ఊరి నుంచి సూరత్‌కు తెచ్చింది పరుశురామే. వడోద్ బస్తీలో తమ ఒంటిగదిలోనే ఉంచుకుని సాంచ నడపడం నేర్పాడు. వినోద అతనికి రెండేళ్లు అన్నం వండిపెట్టింది. గిరాకీ పడిపోయి షెడ్లు మూతబడినప్పుడు బక్కయ్యకు పని పోయింది. అప్పులిచ్చే శేఠ్ ఒకాయన దగ్గర వసూళ్లకు కుదిరాడు. మొదట్లో ఊరికే బెదిరించేవాడు. తర్వాత కొట్టడం అలవాటైంది.

సొంత సాంచలు కొనడానికి వినోద అప్పు చేసింది అదే శేఠ్ దగ్గర. పరుశురాం అప్పుడప్పుడూ తాగుతాడని, శేఠ్ ఆమె సంతకమే అడిగాడు. సాంచలూ ఆమె పేరు మీదే కొన్నారు. గుడ్డ కొనే వ్యాపారి ఒకడు డబ్బు ఎగ్గొట్టి మాయమవడంతో వాయిదాలు తప్పాయి. ఆ అప్పు ఆమె ఎంత కట్టినా తరగలేదు.

ఆసుపత్రిలో పరుశురాం కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఠాణాకు పోతే, అప్పు తగాదాలు మీలో మీరే తేల్చుకోండని పంపించారు. ఠాణా వాకిట్లో కూలబడ్డ వినోదను చూసి టీ అమ్మే ఆమె చెప్పింది, కోర్టులో బీదవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారని.

ఆ వకీలు పేరు హేతల్ బెన్. నడివయసు గుజరాతీ ఆవిడ. గొంతు కటువు. అంతా విని హిందీలో అంది:

"కొట్టినందుకు వేరే కేసు పెడదాం. అప్పు సంగతి మాత్రం ఒక్కటే దారి. దివాళా అర్జీ వేద్దాం."

ఆ మాట వినోదకు చెంపదెబ్బలా తగిలింది. "దివాళానా? మా ఇండ్లల్ల తిట్టనీకె అంటరు మేడం ఆ మాట."

"తిట్టు కాదమ్మా, చట్టం. ఉన్నది ఉన్నట్టు కోర్టు ముందు పెడతావు. ఉన్నదాంట్లో వాళ్లకు రావలసింది కోర్టే పంచుతుంది. తర్వాత ఎవడూ నీ గడప తొక్కడానికి లేదు."

జిల్లా కోర్టులో శేఠ్ వకీలు లేచి అర్జీ చెల్లదన్నాడు. వినోద అర్జీ వేసిన దివాళా చట్టం ఇంగ్లీషువాళ్ల నాటిది. దాని స్థానంలో కొత్త చట్టం వచ్చి ఏళ్లయింది. పాతది చచ్చినట్టే లెక్క, పోవాలంటే కొత్తదాని కింద పొమ్మనండి అన్నాడు.

"కొత్త చట్టంలో మామూలు మనుషుల అధ్యాయాన్ని సర్కారు ఇంకా అమల్లోకి తేలేదు," అంది హేతల్ బెన్. "అక్కడికి పోతే తలుపు మూసి ఉంటుంది. ఇక్కడ చట్టం చచ్చిందంటారు. మరి ఈమె ఎక్కడికి పోవాలి?"

జడ్జి చాలాసేపు పుస్తకాలు తిరగేశాడు. పాత చట్టాన్ని రద్దు చేసే సెక్షను కూడా ఇంకా అమల్లోకి రాలేదు కాబట్టి పాతదే నడుస్తుందన్నాడు. అర్జీ తేలేదాకా కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు ఆమె ఒంటి మీదా సాంచల మీదా చెయ్యి వేయకూడదని ఉత్తర్వు ఇచ్చాడు.

వినోదకు గుజరాతీ చదవడం రాదు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి షెడ్డు గోడకు వేలాడదీసింది. మిగిలిన సాంచలు నడపసాగింది. పరుశురాం ఎడమచేత్తో కండెలు అందించేవాడు.

వారం తిరక్కముందే బక్కయ్య టెంపో వేసుకుని వచ్చాడు. కోర్టు తేల్చేలోపు సాంచలు ఎత్తుకు రమ్మని శేఠ్ చెప్పాడట.

"కోర్టు ఆర్డరున్నది. ముట్టుకోకు," అంది వినోద.

బక్కయ్య కవరును గోడ మీంచి పీకి నలిపి పారేశాడు. అడ్డం వచ్చిన పరుశురాంను నెట్టాడు. పరుశురాం ఆ కట్టు కట్టిన చెయ్యి మీదే పడ్డాడు. అతని నోట్లోంచి వచ్చిన అరుపు మనిషిది కానట్టుంది.

వినోద చేతిలో బోల్టులు బిగించే పెద్ద పానా ఉంది. దాంతో బక్కయ్య తల మీద కొట్టింది. అతను మోకాళ్ల మీద కూలాడు. చెవి పక్కనుంచి రక్తం కారి అంగీ తడిసింది. వెంట వచ్చినవాళ్లు టెంపో వైపు పరుగెత్తారు. గొడవ అక్కడికి అయిపోయింది. బక్కయ్య చెయ్యి అడ్డం పెట్టి, "వదినా, వద్దు," అన్నాడు.

వినోద ఆ మాట వింది. విని మళ్లీ కొట్టింది. ఈసారి కణత మీద.

బక్కయ్య చావలేదు. ఒక కన్ను పోయింది. పోలీసులు ఈసారి వెంటనే వచ్చి వినోదను జీపెక్కించారు. బెయిలు వచ్చేదాకా ఆడవాళ్ల జైల్లో ఉంది. హేతల్ బెన్ అక్కడికి వచ్చి నిలదీసింది.

"మొదటి దెబ్బకు నేను వాదిస్తాను. భర్తను కాపాడుకున్నావు. రెండోది ఎందుకు కొట్టావు?"

"కొట్టబుద్ధయింది మేడం," అంది వినోద. "ఆ చెయ్యి యాదికొచ్చింది. సావాలె అనుకున్న."

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

దివాళా కేసు మళ్లీ వచ్చినప్పుడు శేఠ్ వకీలు ఆ రక్తాన్నే పట్టుకున్నాడు. మనుషుల తలలు పగలగొట్టే ఆమెకు చట్టం నీడ ఎట్లా ఇస్తారు, ఆమెలో నిజాయితీ ఏముంది అని అడిగాడు. జడ్జి ఒప్పుకోలేదు. ఇక్కడ చూడవలసింది అప్పు విషయంలో ఆమె ఏమైనా దాచిందా, మోసం చేసిందా అన్నదే. కొట్టిన నేరానికి విచారణ వేరే కోర్టులో ఉంది. దివాళా చట్టం దాన్ని మాఫీ చేయదు, దాని కోసం ఈ అర్జీని కొట్టివేయడమూ కుదరదు అన్నాడు.

సాంచల విషయంలో వాదన ముదిరింది. చేతిపనివాళ్ల పనిముట్లను జప్తు చేయకూడదని చట్టంలో ఉంది. మోటారుతో నడిచేది పనిముట్టు కాదు, ఫ్యాక్టరీ అన్నాడు శేఠ్ వకీలు. జడ్జి వినోదను అడిగాడు: "ఎవరు నడుపుతారు?"

"నేనే సాబ్. కూలోళ్లు లేరు."

ఆమె తన చేతులతో నడిపి కడుపు నింపుకునే ఒక్క సాంచను పనిముట్టుగా వదిలేసి, మిగిలినవాటిని అమ్మి అప్పులవాళ్లకు పంచమని తీర్పు వచ్చింది. కొన్నాళ్లకు మిగిలిన అప్పు నుంచి కూడా ఆమెను విడుదల చేశారు. శేఠ్‌కు ఇనుము ధర కూడా సరిగ్గా రాలేదు. పరుశురాం చెయ్యి కేసులో బక్కయ్య పేరుంది, సమ్మెటవాడి పేరుంది. శేఠ్ పేరు లేదు.

బక్కయ్య తల పగిలిన కేసు మాత్రం నడుస్తూనే ఉంది. మొన్న వాయిదాకు వినోద కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా నల్లద్దాలు పెట్టుకుని బక్కయ్య. శేఠ్ అతని మందులకు ఒక్క రూపాయి ఇవ్వలేదని తాపీ నది అవతలి అమ్రోలి దాకా అందరికీ తెలుసు. పక్కన అతని భార్య సమ్మక్క, చంకలో బిడ్డ.

సమ్మక్క బిడ్డను మొగుడి ఒళ్లో పెట్టి లేచొచ్చింది. చెప్పు తీసి వినోద మొహం మీద కొట్టింది. ఒకటి కాదు, చేతికి అందినన్ని.

"కిందవడ్డోన్ని గూడ కొడ్తరానే? నీ చేతి బువ్వ తిన్నోడే గదనే!"

వినోద పెదవి చిట్లింది. పరుశురాం మొండిచెయ్యి అడ్డం పెట్టబోతే వినోద అతన్ని పక్కకు నెట్టింది. చేతులు మాత్రం ఒళ్లోనే ఉంచుకుంది. పోలీసామె వచ్చి సమ్మక్కను లాగేదాకా తల దించలేదు.

"నా మొగని చెయ్యి తీసింది నీ మొగడే సమ్మక్కా," అంది చివరికి. "మల్ల ఆయన్ని నూకిండని మొదటి దెబ్బ కొట్టిన. రెండోది నువ్వన్నట్టు కిందవడ్డోన్నే కొట్టిన."

లోపలినుంచి కోర్టు బంట్రోతు వినోద పేరు పిలిచాడు. కొంగుతో మూతి మీది రక్తం తుడుచుకుని వినోద లోపలికి నడిచింది.