ఊరేగింపు మధ్యలో వాన

పంతొమ్మిది వందల యాభైల చివర్లో మా ఊరి బ్యాండు పెట్టిన కొత్తలో, అందులో వాయించేవాళ్లతో నా ప్రాణం విసిగిపోయింది. అందరం మెట్ట సేద్యగాళ్లమే. ఏడాది పాటు గొంతు చించుకుని నేర్పిస్తే, ముదిగుబ్బలో తొలి పెళ్లి దొరికింది. ఊరేగింపు సగంలో ఉండగా వాన దంచేసింది. అది వెలిశాక చూస్తే బాకాలన్నీ ఎవరిదో అరుగు మీదున్నాయి, వాయించేవాళ్లు ఒక్కరూ లేరు! పెళ్లివాళ్ల తిట్లన్నీ నేనే తిన్నాను.

మర్నాడు ఊరికొచ్చి, చేలో విత్తనం గొర్రు తోలుతున్న పెద్ద బాకా వాయించేవాడి మీద విరుచుకుపడ్డాను. వాడు ఎద్దులనైనా ఆపలేదు.

"పాట రేపైనా వాయించచ్చులేన్నా. నేలలో పదును రేపటిదంకా ఉంటాదా?"

ఒళ్లు మండింది. రెండు రోజులు చేను చేనూ తిరిగి ఒక్కొక్కణ్ణీ కడిగేశాను. అప్పటికి నేల ఆరిపోయింది. ఆ ఏడు మా ఊళ్లో విత్తనం పడని చేను నాదొక్కటే.