బంద్ రోజు మొదటి ఫోను

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో నేను అడ్మిన్ చూసేవాణ్ణి. పేరుకే అడ్మిన్. ఉద్యోగులను ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి చేర్చడమే పని. బంద్ పిలుపు వస్తే క్యాబులు కదిలేవి కావు. అప్పుడు పొద్దున్నే ఫోన్లు పట్టుకుని, బతిమాలి బామాలి, సొంత బండ్ల మీద మనుషుల్ని రప్పించేవాణ్ణి. అదేదో ఘనకార్యమైనట్టు హఫీజ్‌పేట్‌లో మా ఇంటి చుట్టుపక్కల గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మా కంపెనీ చేసే పని చెబితే నవ్వొస్తుంది. పరాయి దేశాల్లో డ్యూటీలో దెబ్బలు తగిలినవాళ్ల బీమా కాగితాలు పరిశీలించడం. ఎక్కడో ఒక గోదాములో ఎవరో జారిపడితే, వాళ్లకు న్యాయంగా ఏం దక్కాలో ఇక్కడ మావాళ్లు తేల్చాలి. ఏ రోజు కాగితాలు ఆ రోజే పూర్తి కావాలి. లేకపోతే క్లయింటు ఊరుకునేవాడు కాదు.

మా మేనేజరుది కోస్తా, నాది కడప. ఇద్దరం కూర్చుని ఒక ఉపాయం పన్నాం. బంద్ రోజు ముందు లోకల్ వాళ్లకే ఫోను చెయ్యాలని. "వాళ్ల బంద్‌లో వాళ్లనెవరు ఆపుతారండీ?" అన్నాడాయన. నా మట్టిబుర్రకు అది మహా తెలివైన మాటగా తోచింది. దాంతో ఆగామా? ఒక కాగితం తయారుచేసి ఉద్యోగులందరి చేతా సంతకాలు కూడా పెట్టించాం. 'బంద్ రోజున నా ఇష్టప్రకారమే ఆఫీసుకు వస్తున్నాను, దారిలో ఏం జరిగినా బాధ్యత నాదే' అని. ఆ వాక్యం రాసింది నేనే. మేనేజరు చదివి భుజం తట్టాడు.

నా జాబితాలో మొదటి పేరు ఎప్పుడూ ఒకావిడదే. చందానగర్ నుంచి స్కూటీ మీద వచ్చేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అక్కా అనేవాణ్ణి. పనిలో దిట్ట. మణికట్టు విరిగిన కేసయితే నియమాల పుస్తకం చూడకుండానే ఎంత పరిహారం దక్కాలో చెప్పేసేది. అయినా ఆవిడను మొదట పెట్టింది అందుకు కాదు. ఎవరికీ కాదని చెప్పడం చేతకాని మనిషి.

ఒక బంద్ రోజు పొద్దున ఫోను చేస్తే, "ఏంది తమ్మీ, ఇయ్యాల బంద్ చేసేటోళ్లమే మేము. మా ఆయన రాస్తారోకోకు పోతుండు, నేను డ్యూటీకొస్తే నవ్వుతడు" అంది.

"జర రా అక్కా, నువ్వు రాకపోతే పని ఆగిపోతుంది" అన్నాను. వాళ్ల 'జర' నేను నేర్చుకున్నది ఇలాంటి అవసరాలకే.

"సరే తీయ్, ఫికర్ చెయ్యకు" అంది.

ఆవిడనెవరూ ఆపలేదు, ఎవరూ రాయి వెయ్యలేదు. కొండాపూర్ దగ్గర రోడ్డు మీద కాల్చిన టైర్లలో రబ్బరంతా పోయి లోపలి ఇనుప తీగలు చుట్టలుగా మిగిలాయి. అవి స్కూటీ ముందు చక్రానికి చుట్టుకున్నాయి. బండి తిరగబడి కుడి మణికట్టు విరిగింది. జెండాలు పట్టుకున్న కుర్రాళ్లే ఆవిడను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. వాళ్లలో ఒకతను ఆవిడ ఫోను నుంచే నాకు చేసి, ఎవరినైనా పంపమన్నాడు.

నేను బయల్దేరబోతే మేనేజరు ఆపాడు. "తన ఇష్టప్రకారమే వచ్చింది కదండీ. మనం వెళ్తే బాధ్యత మనదని ఒప్పుకున్నట్టవుతుంది." నేను రాసిన వాక్యాన్నే నాకు వినిపించాడు. నేను పిలిస్తేనే వచ్చిందని ఒక్క ముక్క రాసిచ్చి ఉంటే, డ్యూటీలో దెబ్బ తగిలినట్టు లెక్క. ఆవిడ ఉద్యోగం నిలబడేది. రాయలేదు. నా ఉద్యోగం పోతుందని భయం. పిరికి వెధవను, అంతకంటే ఏం చెప్పను? ఆ సాయంత్రం 'పని ఆగలేదు, సిబ్బంది అంతా క్షేమం' అని క్లయింటుకు ఉత్తరం మాత్రం రాశాను. తెగ మెచ్చుకున్నారు.

రెండు నెలల తర్వాత ఆవిడ తిరిగొచ్చింది. మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. టైపింగులో వేగం తగ్గిందని రాజీనామా రాయించుకున్నారు. ఎడమ చేత్తో వంకరటింకర సంతకం పెట్టి, నా సీటు దగ్గరికొచ్చి, "పోయొస్త తమ్మీ" అంది. నేను తలెత్తలేదు.

తర్వాతి బంద్‌కు ఒక్కరంటే ఒక్కరు రాలేదు. అందరిదీ ఒకటే జవాబు: "ఇవాళ రావడం నాకు ఇష్టం లేదు." కోపంగా అన్నా బాగుండేది, మర్యాదగా అన్నారు. కాగితాలు పేరుకుపోయాయి. పని బాగా తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వేరే కంపెనీలకు వెళ్లిపోయారు. కొత్తవాళ్లు తప్పుల మీద తప్పులు చేశారు. ఏడాది తిరక్కుండానే క్లయింటు మా దగ్గర పని మానుకున్నాడు. ఉద్యమం వల్ల వ్యాపారం దెబ్బతిందని మేనేజరు ఇప్పటికీ చెప్పుకుంటాడు. వింటుంటే ఒళ్లు మండుతుంది.

ఎవరూ రాని ఆ బంద్ రోజున మిగతావాళ్లకంటే ముందు చేసిన ఫోను సంగతి నేనెక్కడా చెప్పలేదు. పాత జాబితాలో ఆవిడ పేరు కొట్టెయ్యడం మరిచిపోయాను. పొద్దున్నే అలవాటు కొద్దీ మొదటి నంబరు నొక్కేశాను. ఆవిడ వెంటనే ఎత్తింది.

"తమ్మీ! నా చెయ్యి ఎట్లుందో అడగనీకి చేసినవా?" అంది. గొంతులో ఎంత సంతోషమో. "ఆఫీసోళ్లు ఒక్కరన్న చేస్తరేమోనని ఇన్ని రోజులు చూసిన. నువ్వే మొదలు. ఇప్పుడు జర నయమే, బిడ్డకు జడ ఏస్తున్న."

"అవునక్కా, అందుకే చేశాను" అన్నాను.