ఒక్క చుక్క ఒలకలేదు

బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎక్కడ కారు ఆగి ఉన్నా సరే, బానెట్ ఎత్తించి ఇంజన్లో ఆయిల్ ఎంత ఉందో చూడందే ఆయన కాలు ముందుకు పడేది కాదు. మనిషి ఎదురైతే లోకమంతా మొహం చూసి "బావున్నారా?" అంటుంది. బాబాయ్ ఆ మనిషిని సుతారంగా పక్కకు జరిపి, వెనకాలున్న కారు వైపు చూసి "ఇది బావుందా?" అనేవాడు.

ముప్ఫై రెండేళ్లు ఒక పెద్ద వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఉద్యోగమైతే అయిపోయింది గాని చేతులు ఊరుకునేవి కావు. ఆయిల్ కొలిచే సన్నటి డిప్‌స్టిక్‌ను సర్రున లాగి, ప్యాంటు కుడితొడ మీద తుడిచి, మళ్లీ ముంచి తీసి, వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూసేవాడు. అందుకే ఆయన ప్యాంట్లన్నిటికీ కుడితొడ మీద నల్లటి చార ఉండేది.

"కుడికాలు లేని ప్యాంట్లు కుట్టే టైలరెవరైనా ఉంటే చెప్పవే బుజ్జీ, ఈయన్ని తీసుకెళ్లి అప్పజెబుతాను" అనేది పిన్ని.

"అప్పుడు ఎడమతొడ మీద తుడుస్తాను" అనేవాడు బాబాయ్.

బుజ్జి ఆయన అన్నగారి కూతురు. ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఆమె మాటకు అక్కడ ఎదురు లేదు. అయినా బాబాయ్‌కి బుజ్జే. "నువ్వు మనుషులకి చూస్తావు, నేను కార్లకి చూస్తాను. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం" అని పదిమందిలో గొప్పలు పోయేవాడు.

ఒకసారి ఎవరిదో పెళ్లికి వెళ్తే, పెళ్లికొడుకు దిగిన కారు మీది పూలదండలు పక్కకు తోసి మరీ బానెట్ ఎత్తించాడు. పెళ్లికూతురి తండ్రి గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, లోపల అందరూ ఎదురుచూస్తుంటే!"

"ఇంజను ఇప్పుడే ఆపారు. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగడానికి మూడు నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాలు ఓపిక పట్టలేనివాళ్లు కాపురాలేం చేస్తారండీ?"

ఆ మూడు నిమిషాలూ పెళ్లికొడుకు కూడా మెడలో దండతో అక్కడే నిలబడి ఆయిల్ చూశాడు.

బుజ్జి భర్తకు వేగమంటే సరదా. నలభై దగ్గర పడుతుండగా, ఇంట్లో ఎవరెంత చెప్పినా వినకుండా ఒక ఎర్రటి చిన్న కారు కొన్నాడు. చూడ్డానికి బొమ్మలా ఉండేది. కాలు నొక్కితే మాత్రం వీపు వెళ్లి సీటుకు అతుక్కునేది. బాబాయ్ దాని ఇంజను చూసి పెదవి విరిచాడు.

"అల్లుడుగారూ, ఇంత చిన్న ఇంజను చేత ఇంత చాకిరీ చేయిస్తే ఎలాగండీ? ఆ వేడికి ఆయిలంతా లోపలే కాలిపోతుంది. ఇది పెట్రోలుతో సరిపెట్టుకునే పిల్ల కాదు."

"వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు ఆయిల్ తాగడం మామూలేనన్నారండీ షోరూంలో."

"నేను రోజుకి ఆరు కాఫీలు తాగుతాను. అది మామూలేనని మీ చిన్నత్తయ్యతో ఒక్కసారి అనిపించండి చూద్దాం."

కొన్నాళ్లకే వెనక గొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మామా అల్లుళ్ల తలలు రెండూ ఆ బానెట్ కిందే. లోపలినుంచి బుజ్జి భోజనానికి పిలిచి పిలిచి, చివరికి తనే తినేసి పడుకునేది.

ఆ ముచ్చట నాలుగేళ్లు సాగింది. ఆ తర్వాత ఒక మామూలు బుధవారం ఆమె భర్త ఆఫీసులో కుర్చీలోంచి లేస్తూ గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

చివరి ప్రయాణానికి వ్యాను వచ్చింది. ఇల్లంతా ఏడుపులు. అందరూ బయటికొచ్చేసరికి వ్యాను బానెట్ ఎత్తి ఉంది, బాబాయ్ దాని ముందు నిలబడి ఉన్నాడు. బంధువులు నోళ్లు నొక్కుకున్నారు. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇవాళ కూడానా అండీ?"

"ఆయిల్ బాగా కిందికుంది. మధ్యలో ఆగిపోతే? మా అల్లుడికి దార్లో ఆగడమంటే ఎంత చిరాకో మీకెవరికీ తెలీదు" అంటూ డబ్బా వంచి పోశాడు. పోస్తున్నంతసేపూ కళ్లు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం వణకలేదు. అంత ఏడుపులోనూ బుజ్జికి ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఆ నవ్వుకు చాలా రోజులు తనని తాను తిట్టుకుంది.

ఆ తర్వాత రెండు నెలలు బుజ్జి గడప దాటలేదు. ల్యాబుకు సెలవు పెట్టింది, కర్టెన్లు తియ్యలేదు, ఫోను ఎత్తలేదు. ఎర్ర కారు సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోయింది. ఒక ఆదివారం పొద్దున బాబాయ్ భుజానికి గుడ్డసంచీ, చేతిలో ఆయిల్ డబ్బాతో వచ్చి తలుపు బాదాడు.

"బాబాయ్, నాకెవరితోనూ మాట్లాడాలని లేదు."

"నీతో మాట్లాడ్డానికి ఎవడొచ్చాడు? నేనొచ్చింది కారు కోసం. తాళాలు తే. ఇంజను వేడెక్కితేగాని లెవెల్ తెలీదు, నువ్వు నడుపు."

"నువ్వే నడుపుకో."

"నా మోకాళ్లు దాంట్లో పట్టవు."

పక్క సీట్లో మాత్రం ఆ మోకాళ్లు ఎలా పట్టాయో ఆమెకు తట్టలేదు. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి ఇంజను ఆపింది. దిగబోతుంటే చెయ్యి పట్టి ఆపాడు.

"ఆయిల్ దిగాలి. పది నిమిషాలు కూర్చో."

"అందరికీ మూడు నిమిషాలేగా?"

"ఇది చిన్న ఇంజను. దీంట్లో నిదానంగా దిగుతుంది."

మొదటి ఆదివారం ఆ పది నిమిషాలూ ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నారు. రెండో వారం పార్కు దాకా, మూడో వారం స్టేషన్ దాకా వెళ్లొచ్చారు. మూడో వారమే, ఆరో నిమిషంలో, స్టీరింగు మీద తల పెట్టుకుని బుజ్జి చెప్పింది. ఆ బుధవారం పొద్దున ఆయన ఆయిల్ కొనుక్కురావాలి, సాయంత్రం గుర్తు చెయ్యి అన్నాడట. విసుగొచ్చి "నన్నెందుకు చేసుకున్నారు, ఆ కారునే చేసుకోవాల్సింది" అందట. ఆయనతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

బాబాయ్ ఓదార్చలేదు. బానెట్ వైపు చూస్తూ అన్నాడు. "మీ పిన్ని ఆ మాట నాతో ముప్ఫై ఏళ్లుగా అంటోంది. అన్న ప్రతిసారీ నాకు ముద్దొస్తుంది. అబ్బాయి కూడా నవ్వుకుంటూనే వెళ్లుంటాడు."

బుజ్జి వెక్కి వెక్కి ఏడ్చింది. పది నిమిషాలు పాతికయ్యాయి. "ఇవాళ ఆయిల్ బాగా దిగింది" అని బాబాయ్ కిందికి దిగాడు. ఆ సోమవారం ఆమె ఎర్ర కారులోనే ల్యాబుకు వెళ్లింది.

మరో నెలకు బ్రేకులు చేయిస్తానని బాబాయ్ కారు తీసుకెళ్లి నాలుగు రోజులు ఉంచుకున్నాడు. ఆ తర్వాత నుంచే ఆయనకు మతిమరుపు పట్టుకుంది. డిప్‌స్టిక్ చూసి, "మళ్లీ తాగేసింది దొంగపిల్ల" అనేవాడు. డబ్బా తీసేవాడు. సంచీ తడుముకునేవాడు.

"అయ్యో, గుడ్డ మర్చిపోయాను బుజ్జీ. పోసేటప్పుడు ఒలికితే తుడవాలి, లోపల్నుంచి ఏదైనా పట్రా."

మూడంతస్తులెక్కి, గుడ్డ వెతికి, దిగొచ్చేసరికి మూత బిగించి ఉండేది. "ఒక్క చుక్క ఒలకలేదు! ముప్ఫై రెండేళ్ల చెయ్యి మరి" అని ఆ గుడ్డను సంచీలో వేసుకుని వెళ్లిపోయేవాడు. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, ప్రతి వారం ఇదే తంతు. పెద్దతనం మీద పడుతోందని బుజ్జికి దిగులు పట్టుకుంది. ఒక రోజు ల్యాబుకు లాక్కెళ్లి, రక్తం తీసి అన్ని పరీక్షలూ చేసింది.

"అన్నీ బావున్నాయి బాబాయ్. మరి గుడ్డెందుకు మర్చిపోతున్నావు?"

"గుడ్డ సంగతి రక్తంలో ఎలా తెలుస్తుందే?"

ఇంట్లో పాత తువ్వాళ్లు అయిపోయాయి, దిండు గలీబులు అయిపోయాయి. ఒక ఆదివారం వేరే దారి లేక, అంతవరకు తెరవని భర్త బీరువా తెరిచింది. ఇంట్లో వేసుకునే పాత నీలం చొక్కా, పైగుండీ ఊడిపోయినది, పట్టుకుని కిందికి దిగింది. బాబాయ్ ఆ చొక్కాను రెండు చేతులతో అందుకున్నాడు. "ఒలకలేదులే" అని మెల్లగా అని, మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం బుజ్జి బీరువాలోని మిగతా బట్టలన్నీ తీసి ఎండలో వేసింది.

అలా మూడేళ్లు గడిచాయి. నిరుడు కాదు, ఈ ఏడాది మొదట్లో, నాలుగు రోజుల జ్వరంతో బాబాయ్ పోయాడు. వ్యాను వచ్చింది. బుజ్జి ఎవరినీ అడగలేదు. వెళ్లి బానెట్ ఎత్తమంది, మూడు నిమిషాలు నిలబడింది, డిప్‌స్టిక్ తీసి చూసింది. ఈసారి బంధువులెవరూ నోరెత్తలేదు. ఆయిల్ నిండుగా ఉంది. అది చూసి ఆమెకు దుఃఖం ఆగలేదు, బాబాయ్ కోసం చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు ఆ డ్రైవరు.

పదిరోజులు పోయాక బుజ్జిని వాళ్ల అన్నయ్య కూర్చోబెట్టి చెప్పాడు.

"కారు అమ్మేయవే. ప్రతివారం ఆయిల్ తాగే కారు. బాబాయ్ ఉన్నాడు కాబట్టి నడిచింది. ఇప్పుడెవరు చూస్తారు? ఏదో ఒక రోజు ఇంజను పట్టేసి నడిరోడ్డు మీద ఆగిపోతావు."

బుజ్జికి భర్త మిగిల్చి వెళ్లినవాటిలో కదిలేది అదొక్కటే. అది పోతే మళ్లీ కర్టెన్లు మూసుకుని కూర్చుంటానేమోనని లోపల భయం. అయినా సరేనంది. కొనేవాళ్లతో అబద్ధం ఆడకూడదని, ఎంత ఆయిల్ తాగుతుందో ఖచ్చితంగా కనుక్కోవడానికి బాబాయ్ పనిచేసిన వర్క్‌షాపుకే తీసుకెళ్లింది. అక్కడ ఇప్పటి ఫోర్‌మన్ ఒకప్పుడు బాబాయ్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇంజనంతా చూసి, తల గోక్కున్నాడు.

"ఇది ఆయిల్ తాగడమేంటమ్మా? గురువుగారు నాలుగు రోజులు ఇక్కడే కూర్చుని ఇంజను విప్పి, లోపలి రింగులన్నీ మార్చారు కదా. మూడేళ్లయింది. ఆ తర్వాత ఇది చెప్పుకోదగ్గంత తాగిందే లేదు."

"బ్రేకులు చేయిస్తానన్నాడు..."

"బ్రేకులు అప్పుడు బావున్నాయండీ."

"మరి ప్రతి ఆదివారం పోశాడే!"

"అలా పోస్తూ పోతే ఆయిల్ ఎక్కువై ఎప్పుడో చెడిపోయేది."

"అయితే ఆ పది నిమిషాలు? చిన్న ఇంజన్లో నిదానంగా దిగుతుందని..."

ఫోర్‌మన్ పాపం మూడు వేళ్లు చూపించాడు.

బుజ్జి అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. తన కళ్లతో చూడనిదే ఒక్క రిపోర్టు మీదా సంతకం పెట్టని మనిషి, మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆ డిప్‌స్టిక్‌ను చేతిలోకి తీసుకుని చూడలేదు. బాబాయ్ తాగింది అంటే తాగిందనుకుంది.

డిక్కీలో బాబాయ్ సంచీ ఉంది. ఆయన పోయిన వారానికి పిన్ని ఇచ్చింది, విప్పడానికి మనసు రాక అలాగే పడేసింది. ఇప్పుడు విప్పింది. ఆయిల్ డబ్బా బయటికొచ్చింది. మూత కింద సీలు అలాగే ఉంది. దాని కింద గుడ్డలు. తువ్వాళ్లు, గలీబులు, అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, అంచులు కలిపి మడతపెట్టి ఉన్నాయి. అన్నిటికంటే అడుగున కాగితంలో చుట్టి నీలం చొక్కా. ఊడిపోయిన పైగుండీ కుట్టి ఉంది.

గుండీ కుట్టడం బాబాయ్‌కి రాదు.

ఆదివారం పొద్దున బుజ్జి పిన్ని ఇంటికి వెళ్లింది. కర్టెన్లు మూసి ఉన్నాయి. తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. పిన్ని జుట్టు దువ్వుకుని ఎన్నాళ్లయిందో.

"ఇప్పుడెందుకొచ్చావే? నాకు ఒంట్లో బాగోలేదు."

"నీ కోసం రాలేదు పిన్నీ, కారు కోసం వచ్చాను. ఇంజను వేడెక్కాలి, పక్కన ఒకరు కూర్చోవాలి."

పిన్ని ఆమెను ఎగాదిగా చూసింది. చెప్పులు వేసుకుంది.

వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు. బుజ్జి ఇంజను ఆపి, "ఆయిల్ దిగాలి, పది నిమిషాలు" అంది. ఎదురుగా గోడ. ఎనిమిదో నిమిషంలో పిన్ని నోరు విప్పింది.

"ముప్ఫై ఏళ్లు ఆ మరకల్ని తిట్టుకుంటూ ఉతికాను. ఇప్పుడొక ప్యాంటు ఉతక్కుండా దాచుకున్నానే. బీరువా తెరిస్తే ఆయిల్ వాసన."

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఆ తర్వాత బుజ్జి దిగి, బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి తన తెల్లప్యాంటు కుడితొడ మీద సర్రున తుడిచింది. ముంచి తీసి, ఒక కన్ను మూసి చూసింది. లెవెల్ నిండుగా, గీతకు సరిగ్గా ఉంది.

"మళ్లీ తాగేసింది దొంగపిల్ల" అంది. డబ్బా తీసింది. సంచీ తడుముకుంది. "అయ్యో పిన్నీ, గుడ్డ మర్చిపోయాను. లోపల్నుంచి ఏదైనా పట్రావా?"

పిన్ని ఆ సీలు తీయని డబ్బా వంక చూసింది, బుజ్జి తొడ మీది కొత్త చార వంక చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చింది.

"తెస్తాలే. ఈలోగా నువ్వు పొయ్యి" అని మెట్ల దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. "ఒలకబొయ్యకు సుమా!"